మొరగని కుక్క చెప్పే సాక్ష్యం

2025 ఆగస్టులో ఢిల్లీ నగరం రెండు పక్షాలుగా చీలిపోయింది. ఆ చీలిక అధికార ప్రతిపక్షాలది కాదు. వీధికుక్కలను నగరంనుంచి తరలించవలసినదే అన్నవారు ఒకవైపు, కూడదన్నవారు మరొకవైపు. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం, రాజధానిలోను పరిసర నగరాలలోను ఉన్న వీధికుక్కలన్నిటినీ పట్టి ఆశ్రయాలలో ఉంచాలని ఆదేశించింది. 22న త్రిసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వును సవరించి, సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, పట్టిన చోటనే విడిచిపెట్టమన్నది. పిచ్చికుక్కలకు, మీదపడి కరిచేవాటికి మాత్రం ఆ సదుపాయం లేదు. నవంబరులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు, రైల్వే స్టేషన్ల ఆవరణలలోనుంచి వాటిని తొలగించమని మరో ఉత్తర్వు వెలువడింది. ఇందులో ఎవరి పక్షాన నిలవాలో తేల్చుకోవడం అంత సులభం కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు కుక్కల పాలబడిన సంగతి జ్ఞాపకమున్న తెలుగువారికి జంతుప్రేమికుల ఉపన్యాసాలు అంత తేలికగా చెవికెక్కవు.

ఈ రభస సాగుతున్న రోజులలోనే కలకత్తానుంచి ఒక మిత్రుడు ఉత్తరం వ్రాశారు. రేవులో ఉద్యోగం చేసి, విరమించి, వాట్‌గంజ్‌లోనే స్థిరపడిన తెలుగాయన. దూరదర్శన్‌నాటి అపరాధ పరిశోధక ధారావాహికలను తిరిగి తిరిగి చూడడం ఆయన వ్యసనం. బాసు చటర్జీ దర్శకత్వంలో 1993లోను, మళ్లీ 1997లోను వచ్చిన ‘వ్యోమకేశ్ బక్షీ’ అంటే మరీ ప్రాణం. ఆ కథలను శరదిందు బందోపాధ్యాయ 1932లో వ్రాయనారంభించారు. రజిత్ కపూర్ ధోవతి కట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని ఆలోచిస్తూ ఉంటే దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది.

మిత్రుడి సిద్ధాంతం ఇది. శరదిందు బాబు కథల పేర్లు చూడండి. ఒకటి సాలెపురుగు విషరసం, ఒకటి ముళ్లపంది ముల్లు, ఒకటి మంటలో పడే శలభం, ఒకటి పేరు తెలియని పక్షి. ఇవి చాలవన్నట్లు ఒక నవల పేరే జంతుప్రదర్శనశాల. ఇన్ని ప్రాణులకు చోటిచ్చిన రచయిత పరిశోధనకు సహజమిత్రమైన కుక్కకు ఒక్క శీర్షికలోనైనా స్థానమివ్వలేదేమి? ఇవ్వకపోవడం కాదట, దాచిపెట్టడమట! వంగభాషలో డిటెక్టివును ఎగతాళిగా ‘టిక్‌టికి’ అంటారు. అంటే గోడమీద బల్లి. వ్యోమకేశుడు తనను డిటెక్టివ్ అంటే ఒప్పుకోడు, గోయెందా అన్నా ఒప్పుకోడు, తాను ‘సత్యాన్వేషి’నంటాడు. బల్లి గోడనంటిపెట్టుకుని పొంచి ఉంటుంది. వాసన పట్టుకుని చివరిదాకా పోయేది కుక్క. కాబట్టి ఆ ధారావాహికలో దాగి ఉన్న శునకం సాక్షాత్తు కథానాయకుడేనని మిత్రుడి తీర్పు.

చమత్కారంగా ఉంది. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ను చదివి పెరిగిన తరానికి ఇటువంటి ఊహలంటే సరదా కూడాను. అమెరికాలో 2004నుంచి 2010వరకు ప్రసారమైన ‘లాస్ట్’ అనే రహస్య ధారావాహికలో విన్సెంట్ అనే కుక్క ఉంది. దాని చూపులకు, రాకపోకలకు లేని అర్థాలు కల్పిస్తూ అభిమానులు ఏళ్లతరబడి వాదించుకున్నారు. చివరి దృశ్యంలో ఆ కుక్క వచ్చి కథానాయకుడి పక్కన పడుకునేసరికి సిద్ధాంతకర్తలు తమ శ్రమ ఫలించిందనుకున్నారు కాబోలు. అయినా మన మిత్రుడు అసలు ఆధారాన్ని చేతిలో పెట్టుకుని పక్కదారి పట్టారని నా అభిప్రాయం. కుక్క ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న. అది మొరిగిందా లేదా అన్నది ప్రశ్న.

ఈ సూత్రానికి మూలపురుషుడు కోనన్ డాయిల్. వాట్‌గంజ్‌ను ఆనుకుని ఉన్న ఖిదిర్‌పూర్ రేవు పని ప్రారంభించిన 1892వ సంవత్సరంలోనే ఆయన ‘సిల్వర్ బ్లేజ్’ కథ వెలువడింది. రాత్రివేళ పందెపు గుర్రాన్ని శాలలోనుంచి తోలుకుపోయారు. అక్కడే ఉన్న కుక్క నోరు మెదపలేదు. పోలీసులకు అది లెక్కలోకి రాని విషయం. షెర్లాక్ హోమ్స్‌కు అదే సర్వస్వం. కుక్క మొరగలేదంటే వచ్చినవాడు పరాయివాడు కాడు, రోజూ దాని కళ్లముందు తిరిగే ఇంటివాడు. గుర్రాన్ని తీసుకుపోయినవాడు దానికి తర్ఫీదు ఇచ్చినవాడే అని తేలింది.

గమనించవలసిన మరో సంగతి ఉంది. కథలలో సాక్ష్యమిచ్చే అర్హత పెంపుడు కుక్కకే. కొలంబో అనే అమెరికన్ టెలివిజన్ పోలీసు అధికారి పెంచుకున్న బద్ధకపు కుక్కకు వేరే పేరు పెట్టక ‘డాగ్’ అనే పిలుస్తాడు గాని, దానికీ ఒక ఇల్లు, ఒక యజమాని ఉన్నారు. వీధికుక్కకు తెరమీద దక్కేది అర్ధరాత్రి అయిందని తెలియజెప్పే దూరపు అరుపు మాత్రమే. రాత్రంతా వీధిలో మేల్కొని, వచ్చేవారిని పోయేవారిని చూసినది అదొక్కటే కదా! దానిని అడిగినవాడు లేడు.

వీధులలోనూ అటువంటివి ఉన్నాయి. వ్యోమకేశుడి నివాసం హారిసన్ రోడ్డు. సత్యజిత్ రాయ్ సృష్టించిన ఫేలూదా ఇల్లు రజనీసేన్ రోడ్డు. ఇద్దరూ మర్యాదస్తుల పేటలవారే. వ్యోమకేశుడి తొలి కథ కొకైన్ రహస్య వ్యాపారానికి సంబంధించినది; నేరస్థుడు దొరికేది మధ్యతరగతి ఉద్యోగులుండే ఒక మెస్సులో. సరుకు ఓడ దిగకుండా ఆకాశంనుంచి ఊడిపడదు కదా అని మిత్రుడి ప్రశ్న. 18వ శతాబ్దం చివరలో ఓడల నిర్మాణానికి పూనుకున్న కర్నల్ హెన్రీ వాట్సన్ పేరున వెలసిన వాట్‌గంజ్, ఆ నాటినుంచి రేవు చెమటతోనే బ్రతికింది. కళాసీలు, కూలీలు, బిహారు ఒరిస్సాలనుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవారు, ఒళ్లమ్ముకుని బ్రతికే అభాగ్యస్త్రీలు అక్కడి ప్రజలు. 1943 డిసెంబరు 5న పట్టపగలు జపాను విమానాలు బాంబులు కురిపించినది ఈ రేవుమీదనే. దానికి పడమరనున్న గార్డెన్ రీచ్ మనకు పరాయిది కాదు. 2003 వరకు వాల్తేరు డివిజన్ అక్కడి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం పాలనలోనే ఉన్నది. ఇంత చరిత్ర గల పేటకు ఒక్క డిటెక్టివ్ అయినా కాపురానికి రాలేదు. అక్కడివారు కథలలో అనుమానితులుగానో, శవాలుగానో తప్ప సాక్షులుగా కనిపించడం అరుదు.

ఇక రాజధాని సంగతికి వస్తాను. ఇక్కడ కాపలా సంస్థలకు కొదవలేదు. వాటిని ఏ జంతువుతో పోల్చాలన్నదే చిక్కు. 2013 మే నెలలో బొగ్గు గనుల కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు కేంద్ర నేరపరిశోధక సంస్థను పంజరంలోని చిలుకతో పోల్చింది. కుక్కతో పోల్చి ఉంటే అది ఒక విధంగా ప్రశంస అయ్యేది. యజమాని పలుకులు అప్పగించడం చిలుక పని. కాపలాకుక్క నేరం పరాయివారిని చూసి మొరగడం, ఇంటివారిని చూసి తోక ఆడించడం. ఈ సంస్థ రాష్ట్రంలో అడుగుపెట్టడానికి ఇచ్చిన సాధారణ సమ్మతిని ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలు 2018 నవంబరులో ఒకరి వెనుక ఒకరు ఉపసంహరించుకున్నాయి. ప్రభుత్వం మారిన తరువాత ఆంధ్ర 2019 జూన్‌లో దానిని పునరుద్ధరించింది. కేంద్రం పంపే కుక్క మా ఇంటిమీదనే మొరుగుతున్నదని రాష్ట్రాల ఫిర్యాదు. దొంగ కానివాడికి భయమెందుకని కేంద్రం సమాధానం. ఇరుపక్షాలూ మొరిగిన రాత్రులనే లెక్కపెట్టుకుంటున్నాయి. మొరగని రాత్రులు ఎన్ని, ఆ రాత్రులలో శాలలోనుంచి ఏ గుర్రాలు మాయమైనవి అన్నది పార్లమెంటులో అడిగేవారు ఏ పక్షంలో ఉన్నా కొద్దిమందే. పక్షం మారగానే వారూ అడగడం మానుతారు.

ఈ దేశంలో మొదటి దర్యాప్తు అధికారి కూడా ఒక కుక్కే. ఋగ్వేదం పదవ మండలంలో ఇంద్రుడి శునకం సరమ, పణులు దాచిన ఆవుల జాడ పట్టుకుని రసానదిని దాటి పోతుంది. పణులు ఆమెను సోదరిగా చూసుకుంటామన్నారు, ఆవులలో వాటా ఇస్తామన్నారు. ఆమె ఒల్లదు. తరువాతివారు కథ మార్చి, ఆమె పణులిచ్చిన పాలు త్రాగి ఇంద్రుడితో అబద్ధమాడిందన్నారు. దర్యాప్తు సంస్థల పరువు కాలక్రమాన ఎలా దిగజారుతుందో వేదకాలంవారికీ తెలుసునన్నమాట.

మిత్రుడికి జవాబు వ్రాశాను. పెంపుడు కుక్కలతో వాట్‌గంజ్ కుక్కలను పోల్చవద్దని ఆయన మళ్లీ వ్రాశారు. రాత్రి పాళీ ముగించుకుని తెల్లవారుజామున మురికిబట్టలతో వచ్చే కూలీని చూసి అవి కిమ్మనవట. ఎన్నికలలో తెల్లబట్టలు కట్టి, దండలు వేసుకుని వచ్చినవారినైతే, పార్టీ ఏదైనా సరే, సందు చివరిదాకా తరిమి వస్తాయట.

భారతం మొదలయ్యేదీ సరమతోనే. జనమేజయుడి యజ్ఞశాలకు వచ్చిన ఆమె పిల్లను, ఏ తప్పు చేయకపోయినా, రాజు తమ్ముళ్లు కొట్టారు. తల్లి వచ్చి ఎందుకు కొట్టారని అడిగింది. వారు సమాధానమివ్వలేదు. ఎటునుంచి వస్తుందో తెలియని భయం మిమ్మల్ని పట్టుకుంటుందని చెప్పి ఆమె వెళ్లిపోయింది. ఆనాటినుంచి జనమేజయుడు ఆ శాపానికి శాంతి చేయగల పురోహితుడి కోసం వెతకసాగాడు.