ఆ పైపులు కొననివ్వండి

మీ అబ్బాయో అమ్మాయో షార్ట్ ఫిల్మ్ తీస్తామని అల్యూమినియం పైపులు, బోల్టులు, డంబెల్ ప్లేట్లు అడిగితే వెంటనే 'ముందు మార్కుల సంగతి చూడు' అనకండి.

కెమెరా క్రేన్ అంటే తాతల కాలంలో నీళ్లు తోడిన ఏతం లాంటిదే. ఒక కొసన కెమెరా, రెండో కొసన బరువు, మధ్యలో ఇరుసు. 600 గ్రాముల కెమెరా ఇరుసుకు 6 అడుగుల దూరంలో ఉంటే, అవతల అడుగున్నర దూరంలో ఎంత బరువు కట్టాలి? లెక్క ప్రకారం 2,400 గ్రాములు. కట్టి చూస్తే కెమెరా ఇంకా కిందికే వాలుతుంది. పొడుగు వైపు పైపుకూ బరువుంది కదా, అది లెక్కలో వేయలేదు! ఫిజిక్స్ టీచరుగా బలభ్రామకం ఎన్నిసార్లు బోర్డు మీద చెప్పినా, పైపు బరువు సంగతేమిటని అడిగిన పిల్లలు తక్కువే. క్రేన్ కట్టినవాళ్లు అడుగుతారు.

కింద సమాంతరంగా ఇంకో పైపు బిగిస్తే, పైకి లేచినా కెమెరా తల వంచదు. అది జామెట్రీ.

రెడీమేడ్ కిట్ కొనిస్తే ఈ తంటా ఉండదు, నిజమే. నా ఓటు మాత్రం తంటాకే.

డ్రిల్లింగ్ మీరు పక్కనుండగానే చేయించండి. విప్పేటప్పుడు ముందు బరువులు, తర్వాతే కెమెరా. తారుమారైతే కెమెరా వైపు కొస ఎగిరి మొహానికి తగులుతుంది. పరీక్షల ముందు వద్దు, దసరా సెలవుల్లో కట్టనివ్వండి.