పటం ఒకటి, ఫైళ్లు అనేకం: భూ సమాచారం చేతులు మారేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్ 21న కృష్ణా జిల్లా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల సమగ్ర రీసర్వే ప్రారంభమైంది. డ్రోన్ చిత్రాలు, ఉపగ్రహ సంకేతాల సాయంతో తీసుకున్న కొలతల ఆధారంగా గ్రామ పటం నేరుగా కంప్యూటర్‌లోనే రూపుదిద్దుకునే దశకు రెవెన్యూ యంత్రాంగం చేరుకున్నది. కొలత ఎంత ఖచ్చితమైనదన్న అంశంపై పత్రికలలోనూ, సమీక్షా సమావేశాలలోనూ విస్తృతంగా చర్చ జరిగింది. అయితే కొలత పూర్తయిన పిమ్మట ఆ సమాచారం సర్వేయర్ నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు, ఒక్కొక్కసారి మరొక శాఖకు ఏ విధంగా చేరుతున్నదన్న విషయం మాత్రం అంతగా దృష్టికి రాలేదు. రైతు హక్కుకు చేటు కలిగించగల పొరపాట్లు అనేకం ఈ ప్రయాణంలోనే దొర్లే అవకాశం ఉన్నది.

భౌగోళిక సమాచార వ్యవస్థ, అనగా జీఐఎస్‌లో నేటికీ అత్యధికంగా వాడుకలో ఉన్నది షేప్‌ఫైల్. ఎస్రీ సంస్థ రూపొందించి, 1998లో దీని సాంకేతిక వివరణను బహిరంగపరచింది. పేరుకు ఒక ఫైల్ అయినా వాస్తవానికి ఇది ఒక కట్ట. ఎస్‌హెచ్‌పీ ఫైల్‌లో కమతాల హద్దులు, డీబీఎఫ్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు వంటి వివరాలు, ఎస్‌హెచ్‌ఎక్స్‌లో సూచిక ఉంటాయి. ఈ మూడూ తప్పనిసరి. పీఆర్‌జే, సీపీజీ అనే మరి రెండు ఐచ్ఛికమని నిబంధన చెబుతున్నది. భూ రికార్డుల విషయంలో మాత్రం వాటిని ఐచ్ఛికంగా పరిగణించడం తగదు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది డీబీఎఫ్ ఫైల్‌ను విడిగా తెరవడం. హద్దుకూ వివరానికీ మధ్య ఉన్న లంకె సర్వే నంబరు కాదు, వరుస క్రమం మాత్రమే. పదవ కమతానికి పదవ వరుసలోని వివరమే వర్తిస్తుంది. పట్టాదారుల పేర్లు అక్షర క్రమంలో ఉంటే సౌకర్యమని భావించి ఎవరైనా ఆ పట్టికను తెరచి, వరుసలు మార్చి భద్రపరచినట్లయితే ఒకరి పొలంపై మరొకరి పేరు చేరుతుంది. కమతాల సంఖ్య, వరుసల సంఖ్య సరిపోయినందున కంప్యూటర్ ఎటువంటి హెచ్చరికా చేయదు. మొత్తం విస్తీర్ణం కూడా సరిపోతుంది. పటం చూడడానికి నిక్షేపంగా ఉంటుంది. ఆ తప్పును ముందుగా గుర్తించేది సాధారణంగా పొలం యజమానియే; అప్పటికి ఆయన బ్యాంకు గుమ్మంలోనో, తహసీల్దారు కార్యాలయంలోనో నిలబడి ఉంటాడు.

పీఆర్‌జే ఫైల్ కొలతలు భూమిపై ఏ చట్రానికి సంబంధించినవో తెలుపుతుంది. పాత సర్వే ఆఫ్ ఇండియా పటాలు ఎవరెస్ట్ గోళాభం ఆధారంగా తయారైనవి. నేటి ఉపగ్రహ కొలతలు డబ్ల్యూజీఎస్ 84 ప్రకారం ఉంటాయి. ఒకదానిని మరొకటిగా భ్రమించినచో హైదరాబాద్ పరిసరాలలో స్థానం వంద మీటర్లకు మించి పక్కకు జరుగుతుంది. యూటీఎం మండలాల సమస్య మరొకటి. తెలుగు రాష్ట్రాలలో అధిక భాగం 44వ మండలంలో ఉండగా, 78 డిగ్రీల రేఖాంశానికి పడమరనున్న అనంతపురం, ఆదోని, జహీరాబాద్ 43వ మండలంలోకి, 84 డిగ్రీలకు తూర్పుననున్న పలాస, ఇచ్ఛాపురం 45వ మండలంలోకి వస్తాయి. ఏ మండలమో తెలియజేసే చిన్న ఫైల్ దారిలో జారిపోతే స్వీకరించినవారు ఊహించి పూరించవలసి వస్తుంది. హక్కు పత్రాలలో ఊహకు తావుండరాదు.

తెలుగు పేర్ల విషయం ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. లిపి సంకేతాన్ని తెలిపే సీపీజీ లేనిచో గ్రామాల పేర్లు పిచ్చి గుర్తులుగా మారవచ్చు. అంతేగాక డీబీఎఫ్ గడి వెడల్పును అక్షరాలలో గాక బైట్లలో లెక్కిస్తారు. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఇంగ్లిషు పేర్లకు ధారాళంగా సరిపోయే 30 బైట్ల గడిలో శ్రీకాళహస్తి పట్టదు. 'శ్రీకాళహస్' వద్ద తెగిపోతుంది.

పంపే విధానానికి వస్తే, ఆ కట్టనంతటినీ ఒకే జిప్‌గా చేసి, దాని ఎస్‌హెచ్‌ఏ-256 విలువను వేరొక మార్గంలో తెలియజేయడం ఉత్తమం. అందినవారు అదే విలువను తిరిగి లెక్కించి సరిచూసుకోవచ్చు. ఒక్క బైట్ మారినా విలువ మారుతుంది. ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం 2014లో ప్రమాణంగా ఆమోదించిన జియోప్యాకేజ్‌లో సమస్తం ఒకే ఫైల్‌లో ఇముడుతుంది గనుక విడిపోయే బెడద తక్కువ. అయినప్పటికీ, సాఫ్ట్‌వేర్‌లో తెరచి ఉండగా దానిని నకలు చేయరాదు. ఇటీవలి మార్పులు పక్కనున్న తాత్కాలిక ఫైల్‌లోనే మిగిలిపోవచ్చు.

చట్టపరమైన అంశం కూడా ఇందులో ఇమిడి ఉన్నది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2021 ఫిబ్రవరి 15న జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం సమతలంలో ఒక మీటరు, ఎత్తులో మూడు మీటర్ల పరిమితి కన్నా సూక్ష్మమైన భౌగోళిక సమాచారాన్ని భారతదేశంలోనే నిల్వ చేసి, ఇక్కడే ప్రక్రియకు లోను చేయాలి. సెంటీమీటర్లలో కొలిచే డ్రోన్ సర్వే ఈ పరిధిలోకే వస్తుంది. సర్వర్ ఏ దేశంలో ఉన్నదో తెలియని ఉచిత సేవల ద్వారా గ్రామ పటాన్ని పంపడం సౌలభ్యమే కావచ్చు, సమ్మతం మాత్రం కాదు. పట్టాదారుల వ్యక్తిగత వివరాలు అవసరం లేని శాఖకు ఆ గడులను తొలగించిన ప్రతినే ఇవ్వడం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్ఫూర్తికి అనుగుణంగా ఉంటుంది.

జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఈ జాగ్రత్తలను మరింత అవసరం చేసింది. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఏ తేదీ నాటి హద్దులో నమోదు చేయని ఫైల్ సరైనదే అయినా నిరుపయోగం.

కాగితపు కాలంలో ఛార్జి అప్పగించేటప్పుడు కొలతల పుస్తకం పుటలు లెక్కించి, ఇరువురూ సంతకాలు చేసేవారు. ఫైళ్ల సంఖ్య, కమతాల సంఖ్య, ప్రొజెక్షన్, హద్దుల తేదీ, ఎస్‌హెచ్‌ఏ విలువలతో కూడిన ఒక్క పుట అప్పగింత పత్రానికి పట్టే సమయం పది నిమిషాలకు మించదు. దానితో పాటు నాలుగైదు సర్వే నంబర్లను ఎంపిక చేసి, పట్టాదారు పేరుతో సహా మూల రికార్డుతో పోల్చి చూస్తే వరుస మారిన పట్టిక అక్కడే బయటపడుతుంది.