చేతికి గడియారం.. కొలిచిన మైదానమేదీ?

* దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో జీపీఎస్ గడియారాలతో సాధన
* అంకెను నమ్మి అర్హత కోల్పోతున్న కొలువుల అభ్యర్థులు
* గుండె వేగం లెక్కపై కొరవడిన అవగాహన

ఎల్బీనగర్: తెల్లవారుజామున ఐదు గంటలకే దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహాల తలుపులు తెరుచుకుంటాయి. పోలీసు కొలువులకు సిద్ధమవుతున్న యువకులు గుంపులుగా సరూర్‌నగర్ స్టేడియం వైపు, విక్టోరియా మెమోరియల్ హోం మైదానం వైపు సాగిపోతారు. అదే వేళకు కొత్తపేట, చైతన్యపురి కాలనీల నుంచి నడివయసు వారు నడకకు వస్తారు. వయసులోనూ, అవసరంలోనూ పొంతన లేని ఈ రెండు వర్గాలను ఇప్పుడు ఒక వస్తువు కలుపుతోంది. అది దూరాన్నీ, వేగాన్నీ, గుండె కొట్టుకునే తీరునూ చూపే చేతి గడియారం.

ఒకప్పుడు అంతర్జాతీయ క్రీడాకారులకే పరిమితమైన ఈ పరికరం నేడు సామాన్యుని మణికట్టుకు చేరింది. సంతోషించదగిన పరిణామమే. అయితే అది చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చన్నది ఆలోచించవలసిన విషయం. నడకకు వచ్చే వారికి ఇది కేవలం ఆసక్తికరమైన ప్రశ్న. కొలువు కోసం పరుగెత్తే వారికి మాత్రం బతుకు ప్రశ్న.

సెకన్లతో ముడిపడిన కొలువు

నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం తదితర జిల్లాల నుంచి వచ్చే నిరుద్యోగులకు దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలు ఏళ్ల తరబడి ఆశాదీపాలుగా ఉన్నాయి. ఇంటి వద్ద పొలం కౌలుకిచ్చి, అప్పు చేసి పిల్లలను పంపుతున్న తల్లిదండ్రులు ఎందరో. రాత పరీక్షకు పుస్తకాలున్నాయి, గురువులున్నారు. దేహదారుఢ్య పరీక్షకు మాత్రం అభ్యర్థే గురువు, అభ్యర్థే శిష్యుడు.

తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వెలువడిన పోలీసు నియామక ప్రకటనల ప్రకారం పురుష అభ్యర్థులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయవలసి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో ఈ పరీక్షలు మొదలయ్యాయి. సైన్యంలో అగ్నివీర్ నియామకాలకు 2022లో ప్రకటించిన విధానంలోనైతే 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించిన వారికి 60 మార్కులు, మరో 15 సెకన్లు ఆలస్యమైన వారికి 48 మార్కులు కేటాయించారు. అప్పట్లో ఆ గడువు కూడా దాటితే ఇంటిదారే. సెకను విలువ ఎంతటిదో ఇంతకంటే చెప్పనవసరం లేదు.

పోలీసు పరీక్షలో అభ్యర్థికి అమర్చిన ఆర్ఎఫ్ఐడీ చిప్ ద్వారా సమయం నమోదవుతుంది. కొలిచిన ట్రాక్‌పై యంత్రం చెప్పినదే తుది లెక్క. తన గడియారం వేరుగా చూపిందని అభ్యర్థి వాదించినా ప్రయోజనం లేదు.

మూడు శాతం తేడా.. 13 సెకన్ల దెబ్బ

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితేనే గడియారం తానున్న చోటును లెక్కించగలదు. అమెరికా తన రక్షణ అవసరాల కోసం పౌర సంకేతాలలో కావాలని ఉంచిన దోషాన్ని 2000 మే నెలలో తొలగించింది. ఆ తరువాతే ఈ విధానం సామాన్యునికి అక్కరకు వచ్చింది. అయినా ఆకాశం నిర్మలంగా కనిపించే చోట కూడా నాలుగైదు మీటర్ల తేడా సహజం.

ఎల్బీనగర్ వంటి చోట ఈ తేడా మరింత పెరుగుతుంది. ఎత్తయిన భవనాలను తాకి పక్కకు మళ్లిన సంకేతం ఆలస్యంగా చేరి, మనిషి లేని చోట ఉన్నట్లు చూపుతుంది. రింగురోడ్డు కూడలిలోని పైవంతెనల కిందా, 2018 సెప్టెంబరులో ప్రారంభమైన అమీర్‌పేట - ఎల్బీనగర్ మెట్రో మార్గం కిందా పరుగెత్తే వారికి సంకేతమే సరిగా అందదు. గుండ్రని ట్రాక్‌పై మరో చిక్కు ఉంది. గడియారం కొద్ది సెకన్లకొకసారి చుక్క పెట్టి, ఆ చుక్కలను సరళరేఖలతో కలిపితే మలుపులు కత్తిరించినట్లవుతాయి. చుక్కలు అటూ ఇటూ చెదిరితే పరుగెత్తని దూరం కూడా లెక్కలో చేరుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గడియారం దూరాన్ని మూడు శాతం ఎక్కువ చేసి చూపిందనుకుందాం. తెరపై 1600 మీటర్లు పూర్తయ్యేసరికి అభ్యర్థి నిజంగా పరుగెత్తింది సుమారు 1553 మీటర్లే. సమయం 7 నిమిషాల 10 సెకన్లు చూపితే తాను గట్టెక్కినట్లే భావిస్తాడు. అదే వేగంతో అసలు ట్రాక్‌పై పరుగెత్తితే పట్టే సమయం 7 నిమిషాల 23 సెకన్లు. అంటే 8 సెకన్ల తేడాతో అనర్హుడు. నెలల తరబడి శ్రమించిన యువకుడు ఓడింది కాళ్ల వల్ల కాదు, కొలత వల్ల.

డబ్బాపై ఒక మాట.. లోపల మరొకటి

బజారులో రెండు మూడు వేల రూపాయలకు దొరికే గడియారాలలో చాలావాటికి సొంత జీపీఎస్ ఉండదు. ఫోను వెంట ఉంటే దాని జీపీఎస్‌ను వాడుకుంటాయి. ఫోనును గట్టున స్నేహితునికి అప్పగించి పరుగుకు దిగితే, అడుగులను లెక్కపెట్టి దూరాన్ని అంచనా వేస్తాయి. నడకలో వేసే అడుగు వేరు, వేగంగా పరుగెత్తేటప్పుడు వేసే అంగ వేరు. కనుక ఆ అంచనా మూడు శాతం కంటే ఎంతో ఎక్కువగా తప్పవచ్చు. డబ్బాపై జీపీఎస్ అన్న అక్షరాలు చూసి కొనే వారు, అది గడియారంలోనే ఉన్నదా లేక ఫోనుపై ఆధారపడినదా అని అడగడం ముఖ్యం.

నాడి చెప్పేదీ అంచనాయే

గుండె వేగాన్ని కొలిచే పద్ధతినీ తెలుసుకోవాలి. గడియారం వెనుక వెలిగే పచ్చని కాంతిని రక్తం పీల్చుకుంటుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా రక్తం పెరిగి, తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి గడియారం అంకె చూపుతుంది. పట్టీ వదులుగా ఉన్నా, చేయి బాగా ఊగినా లెక్క తప్పుతుంది. పరుగులో నిమిషానికి 170కి పైగా పడే అడుగుల కుదుపునే నాడిగా పొరబడటం ఈ పరికరాలకు ఉన్న ప్రసిద్ధమైన లోపం. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె విద్యుత్ సంకేతాలను నేరుగా గ్రహిస్తుంది కనుక దాని లెక్క మరింత నమ్మదగినది. ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1980ల ఆరంభంలో తీగ లేని తొలి పరికరాన్ని తెచ్చింది ఈ పద్ధతిలోనే.

ఇక 220 నుంచి వయసును తీసివేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందన్న సూత్రం చాలా గడియారాలలో నిక్షిప్తమై ఉంటుంది. 22 ఏళ్ల యువకునికి అది 198. 2001లో పరిశోధకులు ప్రతిపాదించిన మరో సూత్రం ప్రకారం 208 నుంచి వయసులో పదింట ఏడు వంతులు తీసివేయాలి. అప్పుడు వచ్చేది సుమారు 193. ఒకే వయసు గల ఇద్దరి మధ్య పది పన్నెండు అంకెల తేడా మామూలే. సూత్రం సగటు మనిషిని చెబుతుందే తప్ప ఎదుట నిలిచిన మనిషిని కాదు.

ఉదయం నడకకు వచ్చే పెద్దలు మరో సంగతి గుర్తుంచుకోవాలి. రక్తపోటుకు అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మందులు వాడే వారి గుండె వేగం సహజంగానే తక్కువగా ఉంటుంది. గడియారం చూపే లక్ష్యాన్ని అందుకోవాలని వారు వేగం పెంచడం తగదు. దీర్ఘకాలంగా మధుమేహం ఉన్న వారిలో గుండెకు ఇబ్బంది కలిగినా నొప్పి తెలియకపోవచ్చు. చేతి గడియారం గుండెపోటును పసిగట్టజాలదు, రక్తనాళాలలో పూడికను చూపజాలదు.

ప్రాణం మీదికి తెస్తున్న పరుగు

ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్ అభ్యర్థులకు 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. అభ్యర్థులు కుప్పకూలిన సంఘటనల నేపథ్యంలో తెలంగాణ ప్రభుత్వం 2015లో దానిని తొలగించింది. అయినా విషాదాలకు దేశంలో తెర పడలేదు. 2024 ఆగస్టులో ఝార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ నియామకాలలో 10 కిలోమీటర్ల పరుగు సందర్భంగా పది మందికి పైగా అభ్యర్థులు మరణించారు. 2025 జనవరిలో మచిలీపట్నంలో 1600 మీటర్ల పరుగులో ఒక కానిస్టేబుల్ అభ్యర్థి ప్రాణాలు కోల్పోయాడు.

యువతలో ఆకస్మిక మరణాలపై భారత వైద్య పరిశోధన మండలి 18 నుంచి 45 ఏళ్ల వారిని పరిశీలించి 2023లో అధ్యయనం వెలువరించింది. కుటుంబంలో ఆకస్మిక మరణాల చరిత్ర, తీవ్రమైన కొవిడ్‌తో ఆసుపత్రి పాలు కావడం, మరణానికి ముందు మితిమీరి మద్యం సేవించడం, తీవ్రమైన శారీరక శ్రమ చేయడం వంటివి ముప్పును పెంచే అంశాలుగా అందులో తేలాయి. చాలినంత సాధన లేకుండా పరీక్షకు నెల ముందు మొదలుపెట్టి, తెరపై అంకెను రోజూ పెంచుకుంటూ పోవాలనుకునే అభ్యర్థికి ఇది హెచ్చరిక వంటిది.

పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ వంటి లక్షణాలు ఒక్కసారి కనిపించినా సాధన ఆపి వైద్యుని సంప్రదించాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉంటే పరుగు మొదలుపెట్టే ముందే ఈసీజీ తీయించుకోవడం ఉత్తమం.

అదుపునకే గడియారం

అలాగని ఈ పరికరం నిరుపయోగమని కాదు. వాడుకునే తెలివి ఉంటే ఇది చౌకగా దొరికిన శిక్షకుడే. వేగాన్ని పెంచడానికి కాక, అదుపులో ఉంచడానికి దీనిని వాడాలి. వారంలో ఎక్కువ రోజులు పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తాలి. గుండె వేగం హద్దు దాటితే తగ్గాలి. ఎండాకాలంలో అదే వేగానికి గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది కనుక సూర్యోదయానికి ముందే సాధన ముగించాలి. ఉదయం లేవగానే చూసే విశ్రాంతి నాడి రోజూ కంటే ఏడెనిమిది పెరిగితే అలసటకో, జ్వరానికో సూచన కావచ్చు. ఆ రోజు విశ్రాంతి తీసుకోవడం మేలు.

వేగంగా పరుగెత్తే రోజున మాత్రం జీపీఎస్ దూరాన్ని పక్కన పెట్టి, కొలిచిన చోట సమయం మాత్రమే చూసుకోవాలి. 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లంటే 400 మీటర్ల చుట్టుకు 1 నిమిషం 48.75 సెకన్లు. ఈ లెక్కకు పాత స్టాప్‌వాచ్ చాలు. ట్రాక్‌పై మొదటి వరుసలోనే పరుగెత్తాలి. రెండో వరుసలో చుట్టుకు సుమారు 7 మీటర్లు, నాలుగు చుట్లకు 28 మీటర్లు అదనంగా పరుగెత్తవలసి వస్తుంది.

ఒక టేపు, కొంత సున్నం

అసలు సమస్య ఇక్కడే ఉంది. కొలిచిన ట్రాక్ అందరికీ అందుబాటులో ఉంటే అభ్యర్థి గడియారపు అంకెపై ఆధారపడే అవసరమే ఉండదు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల కోసం నిర్మించిన సింథటిక్ ట్రాక్ నగరానికి పడమటి కొసన గచ్చిబౌలిలో ఉంది. మారథాన్ పరుగుల సందడీ అధికంగా అటువైపే. ఆరోగ్యం కోసం పరుగెత్తే వారికి అక్కడ వసతి ఉంది. అన్నం కోసం పరుగెత్తే వారు తూర్పున ఎల్బీనగర్ రోడ్ల అంచున, వాహనాల పొగలో పరుగెత్తుతున్నారు.

సరూర్‌నగర్ స్టేడియం మైదానం క్రీడలతో పాటు బహిరంగ సభలకూ వేదిక అవుతోంది. శాసనసభ ఎన్నికలకు ముందు 2023 మే 8న నిరుద్యోగ యువతకు ఉద్యోగాల హామీలతో కాంగ్రెస్ పార్టీ యువ డిక్లరేషన్ ప్రకటించింది ఈ స్టేడియంలోనే. కొలువుల వాగ్దానం వినిపించిన చోట, కొలువు కోసం పరుగెత్తే వారికి కొలిచిన బాట కోరడం అత్యాశ కాబోదు.

దీనికి కోట్ల రూపాయలు అవసరం లేదు. మైదానాలలో 50 మీటర్ల టేపుతో కొలిచి 400 మీటర్ల బాటకు సున్నపు గీతలు వేయించవచ్చు. ప్రతి 100 మీటర్లకు ఒక రాయి పాతవచ్చు. తెల్లవారుజామున రెండు గంటలు దీపాలు వెలిగించవచ్చు. నియామక ప్రకటన వెలువడినప్పుడల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో అభ్యర్థులకు వారానికొక రోజు గుండె పరీక్షలు జరపవచ్చు. శిక్షణ కేంద్రాలు సైతం వసూలు చేసే రుసుములో కొంత వ్యాయామ శిక్షకునికి వెచ్చించవలసి ఉంది.

గడియారం కొనుక్కోవడం అభ్యర్థి పని. దాన్ని అతడు ఎలాగో చేసుకున్నాడు, తిండి తగ్గించుకునైనా చేసుకున్నాడు. కొలిచిన నేలను చూపడం పాలకుల పని. అది జరిగే వరకు దిల్‌సుఖ్‌నగర్ యువకుడు మణికట్టు వైపు చూస్తూనే పరుగెత్తుతాడు. ఆ అంకె నిజమో కాదో అతనికి తెలిసేది పరీక్ష రోజునే.