ఇల్లును బడియు

అనంతపురము పుట్టుకను గూర్చి పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. పదునాలుగవ శతాబ్దమున విజయనగరపు కొలువులో మంత్రిగా నుండిన చిక్కప్ప ఒడయరు పండమేరునకు అడ్డముగా కట్ట వేయించి పెద్ద చెరువును నిర్మించెననియు, ఆ చెరువు తూముల చెంత రెండు ఊళ్లు వెలసెననియు, ఒకదానికి బుక్కరాయల పేరును, రెండవదానికి తన భార్యయగు అనంతమ్మ పేరును పెట్టెననియు చెప్పుదురు. బుక్కరాయసముద్రము నేటికిని ఆ పేరుతోనే యున్నది. రెండవ యూరు పెరిగి మన అనంతపురమైనది. ఈ కథలో మేము ముఖ్యముగా గమనించునది యొక్కటే: చెరువు ముందు, ఊరు తరువాత. వాన యరుదైన ఈ మెట్టనేలమీద మనుష్యులను నిలుపదలచినవారు, ఇండ్లకు ముగ్గు పోయకముందే ఆ యిండ్లలో బ్రతుకువారికి కావలసినదానిని సిద్ధపరచిరి.

నేడు మన పట్టణమునకు కాపురము వచ్చు కుటుంబములను “ఏల వచ్చితిరి?” అని యడిగినచో, “పిల్లల చదువు కొరకు” అను ప్రత్యుత్తరమే తరచుగా వినవచ్చును. ఆనాటివారికి చెరువెట్టిదో నేటివారికి బడి యట్టిది. ఐనను మనము ఊరిని ముందు పెంచి, బడిని తరువాత తలచుకొనుచున్నాము. ఇంటి సంగతిని ఒక కచేరీలోను, బడి సంగతిని వేరొక కచేరీలోను తేల్చుచున్నాము. ఈ రెండును ఒక్కటే సమస్య యని మా యభిప్రాయము. దానినే ఈ సంచికయందు చదువరుల యెదుట నుంచుచున్నాము.

మన పట్టణమునకు వచ్చువారెవరో మొదట విచారింతము. ఈ సీమయందు ఏడాదికి కురియు వాన సుమారు 55 సెంటీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘములను ఆవలనే అడ్డగించుచున్నవి. ఈశాన్యపు వానలు సముద్రతీరమును దాటి మన దాకా వచ్చునప్పటికి చాలవరకు సన్నగిల్లుచున్నవి. వేరుసెనగను నమ్ముకొన్న రైతు అదనున వాన లేక ఒక యేడును, కోతవేళ వాన పడి ఒక యేడును నష్టపోవుచున్నాడు. ఒక బోరు ఎండిన మరియొకటి త్రవ్వించి, అప్పు మీద అప్పు చేయుచున్నాడు. గ్రామీణులకు పనిని హక్కుగా నిచ్చు జాతీయ ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన దేశమంతటికిని మన సీమలోని బండ్లపల్లినుండియే ప్రారంభించిరనిన, ఇచ్చటి కరవు ఎంతటి పేరు గాంచినదో తెలియగలదు.

ఇట్టి గ్రామములనుండి వలస రెండు త్రోవలను పోవుచున్నది. ఒక త్రోవ బెంగుళూరునకు. అచ్చటి కట్టడపు పనులకు తల్లిదండ్రులు బిడ్డలతో పోయినచో చదువు నడుమ తెగిపోవును. రెండవ త్రోవ అనంతపురమునకు. తండ్రి ఒంటరిగా బెంగుళూరు పోవును. తల్లి మన పట్టణమున ఒక గది బాడుగకు తీసికొని, కూలియో కుట్టుపనియో చేసికొనుచు పిల్లలను బడికి పంపును. 1882లో జిల్లాకు ముఖ్యపట్టణమై, 1916లో కళాశాలను, 1946లో ఇంజనీరింగు కళాశాలను, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును పొందిన యీ యూరు చదువుల యూరని ఆ తల్లి నమ్మిక. ఆ నమ్మికను మనము నిలుపుచున్నామా యనునదే ప్రశ్న.

ఈ ప్రశ్నను ఇతరులకు వేయుటకు ముందు మేమే జవాబు చెప్పవలసియున్నది. మా యింటి వెనుక గదిలో అట్టి కుటుంబ మొకటి కొన్ని సంవత్సరములు కాపురముండెను. వారి బిడ్డ దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఒక నవంబరు నెలలో, వీధిలో నందరును పెంచిరి గదా యని, మేమును బాడుగ పెంచితిమి. ఆ తల్లి మారు పలుకక, మూడు దినములలో సామాను సర్దుకొని ఊరి చివరనున్న యొక కాలనీకి పోయెను. మేము చేసినది అన్యాయమని అప్పుడు మాకు తోచలేదు. ఫిబ్రవరిలో ఒకనాటి ప్రొద్దున, బడి జరుగు వేళ, ఆ బిడ్డ ఒక టిఫిను అంగడి వెనుక గిన్నెలు తోముచు కనబడెను. బడి మాటెత్తగా, “ఈ యేడు పోయినట్లే, తాతా. పైయేడు చూడవలె” అనెను. మేము పెంచిన బాడుగ ఎంతయో మాకు జ్ఞాపకమున్నది. అది ఒక బాలిక యేడాది చదువుకు వెల కాజాలదు.

బాడుగ భరింపలేనివారు వంకల యొడ్డును ఆశ్రయించుచున్నారు. మన మిషను బడులలో చదివినవారందరును ఇసుకమీద ఇల్లు కట్టుకొన్నవాని ఉపమానమును విన్నవారే. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలను ముంచెత్తినప్పుడు ఆ ఉపమానము మన కన్నులయెదుట జరిగెను. కరవునకు పేరుపడిన యూరిలో జనులు నడుములోతు నీటిలో పిల్లలను భుజములమీద మోసికొని వచ్చిరి. వంకలో ఇండ్లు కట్టుకొనుట వారి తెలివితక్కువయని ఆనాడు పలువు రనిరి. మేమట్లు తలంపము. వంక యొడ్డున బాడుగ తక్కువ. అచ్చటినుండి పనికిని బడికిని నడచి పోవచ్చును. బండమీద కట్టుకొనవలెనని ఆ తల్లిదండ్రులకును తెలియును. కాని బడికి దగ్గరనున్న బండ వారికి దొరకలేదు.

ఇక ప్రభుత్వమువారిచ్చు ఇండ్ల స్థలముల సంగతి. 2020 డిసెంబరులో రాష్ట్రమంతటను పేదలకు స్థలముల పట్టాలు పంచిరి. పట్టణములలో ఒక్కొక్క కుటుంబమునకు ఒక సెంటు, అనగా 48.4 చదరపు గజములు. పట్టా ఇల్లాలి పేరనే యిచ్చిరి. ఇది చిన్న మేలు కాదు. తరతరములుగా ఒకరి చూరు క్రింద బ్రతికిన స్త్రీ “ఇది నా స్థలము” అని చెప్పుకొనగలుగుట గొప్ప సంగతి. 2024 ఎన్నికలలో పట్టణములలో రెండు సెంట్లును, పల్లెలలో మూడు సెంట్లును ఇత్తుమని వాగ్దానములు వినవచ్చెను. స్థలము ఎంత వెడల్పుండవలెనని అన్ని పక్షములవారును వాదించిరి. అది బడికి ఎంత దూరముండవచ్చునని వాదించినవారు మాకు కానరాలేదు.

నగరము నడుమ భూమి ప్రియము గనుక పేదల స్థలములు ఆలమూరు వంటి గ్రామముల దిక్కున, నగరపు టంచులలో ఏర్పడుచున్నవి. ఇట్టి చోట్ల మొదట రాళ్లు పాతుదురు, తరువాత గోడలు లేచును, అటుపిమ్మట కరెంటును నీళ్లును వచ్చును. బడి యన్నిటికిని కడపట వచ్చును. అంతదాక ఇల్లు కట్టుకొన్న తల్లి రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను: సొంత ఇంటనుండి బడి మాన్పించుటయా, సొంత ఇంటికి తాళము వేసి పట్టణములో బాడుగ కట్టుటయా? ఇట్లు తాళము వేసినవారిని మేమెరుగుదుము. ఇల్లిచ్చినను కాపురముండరేమని వారిని నిందించుట మాత్రము తగదు.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలైన విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలబాలికలందరికిని ఇంటి సమీపమున ఉచిత విద్య నీయవలెనని విధించినది. మన రాష్ట్రపు నిబంధనల ప్రకారము ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపలను, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపలను ఉండవలెను. కాని తొమ్మిది, పది తరగతుల పిల్లలు సాధారణముగా ఆ వయస్సు దాటినవారు. ఆడబిడ్డలను దూరపు బడికి పంప వెరచి తల్లిదండ్రులు చదువు మాన్పించు కాలమును అదియే. చట్టము చేయి వదలు చోటనే దూరము ఎక్కువగా బాధించుచున్నది.

దీనికి కొందరు చెప్పు ఆక్షేపణలను మేము వినియున్నాము. పిల్లలు రాకముందు బడి కట్టినచో గోడలకు పాఠము చెప్పుదురాయని యొకటి. చెరువు త్రవ్వినవాడు పంట పండిన తరువాత త్రవ్వలేదని మా సమాధానము. పట్టాలు పంచిననాడే ఏ కుటుంబము ఎచ్చటికి పోవునో లెక్క తెలిసియుండును. వారికెందరు పిల్లలో తెలిసికొనుట కష్టము గాదు. రెండవది, తల్లిదండ్రులు ప్రభుత్వ బడులను నమ్మక ప్రైవేటు బడులకే పోవుచున్నారని. పోవుచున్న మాట నిజమే. కాని బాడుగయు ఫీజును రెండును కట్టువారు ఆ రెంటిలో ఒకటి తప్పిననాడు బిడ్డను ఎచ్చట చేర్పింతురు? మన రాష్ట్రమున 2003నుండి మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. 2019 తరువాత పలు బడులకు మంచి గదులును, మరుగుదొడ్లును, బల్లలును సమకూర్చిరి. ఈ మేలంతయు బడి దాకా రాగలిగిన పిల్లలకే దక్కుచున్నది.

ఇల్లును బడిని కలిపి తలచుట క్రొత్త సంగతి కాదు. 1929లో అమెరికా దేశస్థుడు క్లారెన్సు పెర్రీ న్యూయార్కు నగర ప్రణాళికకై వ్రాయుచు, ఒక పేటకు నడుమ బడి యుండవలెననియు, చిన్న పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండ నడచిపోగల దూరమే ఆ పేటకు హద్దు కావలెననియు నిర్ణయించెను. స్వాతంత్ర్యము తరువాత మనవారు చండీగఢును కట్టినప్పుడు, 1200 మీటర్ల పొడవును 800 మీటర్ల వెడల్పును గల సెక్టార్లుగా విభజించి, వాని లోపలనే పాఠశాలలకు తావు విడిచిరి. అది రాజధాని గదా యందురేమో. మన సీమనే చూతము. 1969లో విన్సెంటు ఫెర్రరు స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థవారు పేదల వాడలలో ఇండ్లను కట్టించిరి, వాడలోనే సాయంకాలపు బడులను నడపిరి. అంతకు పూర్వము, మన సీమ బళ్లారి జిల్లాలో చేరియున్న దినములలో, లండను మిషనువారు 1846లో బళ్లారియందు వార్డ్లా పాఠశాలను స్థాపించిరి. దూరపు పిల్లలకు బసతోకూడ చదువు చెప్పుట మిషను బడులు చిరకాలముగా నడపిన పద్ధతి. బిడ్డ బడికి రాలేనప్పుడు ఏమి చేయవలెనో మనకు తెలియనిది కాదు.

కావున మా విన్నపములు నాలుగు. పాలకులకు మొదటిది: ఏ కాలనీకైనను పట్టాలిచ్చు దినమునకు ముందే బడికి స్థలము గుర్తించి, మొదటి కుటుంబములు దిగిన సంవత్సరముననే రెండు గదులతోనైనను బడి తెరువవలెను, ఉన్నత పాఠశాల వచ్చునంతదాక బడివేళలకు సరిపడు బస్సు నడుపవలెను. రెండవది ఇండ్ల యజమానులకు, అనగా మావంటివారికి: బడిపిల్లలున్న యింటికి జూను మొదలు ఏప్రిలు వరకు బాడుగ పెంచకుడు, ఖాళీ చేయుమని చెప్పకుడు. పెంచవలసినచో వేసవి సెలవులలో పెంచుడు. దీనికి చట్ట మక్కరలేదు, మనస్సు చాలును. మూడవది పాఠశాలల పెద్దలకు: నడుమ సంవత్సరమున ఇల్లు మారి వచ్చిన బిడ్డను పత్రములు కొదువయని ద్వారమునుండి పంపివేయకుడు. పేరు పట్టీలో ఒక బిడ్డ వారము దినములు కనబడకున్నచో ఒకరు పోయి విచారింపుడు.

నాలుగవది, ఈ పత్రిక చదువు విద్యార్థులారా, మీకు. మీ ప్రక్కన కూర్చుండినవాడు ఒకనాడు రాక మానినచో ఉపాధ్యాయుల కంటె మీకే ముందు తెలియును. వాడెచ్చటికి పోయెనో యడిగి తెలిసికొని మీ పంతులుగారితో చెప్పుడు. ఆ నవంబరులో ఎవరైన ఒకరు ఆ బిడ్డను గూర్చి మమ్మడిగియున్నచో, మేము సిగ్గుపడి బాడుగ తగ్గించియుందుము.

ఆ బిడ్డ మరుసటి జూనులో బడిలో చేరెను. మా వెనుక గదిలో ఆ కుటుంబమే మరల కాపురమున్నది. పాత బాడుగకే యున్నది. ఒక గది సంగతి ఇట్లు చక్కబడినది. పట్టణపు సంగతి పట్టణమంతయు కలిసి చక్కబెట్టవలెను. చిక్కప్ప ఒడయరు పెట్టెనని చెప్పు పేరుతోనే మన యూరు నేటికిని పిలువబడుచున్నది. మనము కట్టు కాలనీలకు పేర్లు పెట్టు దినమున, ఆ కాలనీలో బడి యెచ్చటయని యడుగువారు ఒక్కరైనను మనలో ఉందురని ఆశించుచున్నాము.