గూడూరు బడిలో నొక వారము

గంట మ్రోగి, హాజరుపట్టీ నిండినంతమాత్రమున బడి సాగుచున్నదని తలచుట భ్రమ. సోమవారమున లోనికి బోయిన బిడ్డ శనివారము నాటి కేమి నేర్చి వెలికి వచ్చె నను ప్రశ్నయే బడికి సరియైన పరీక్ష.

మహబూబాబాదు జిల్లాలోని గూడూరు మండలము అడవియంచున నున్న సీమ. భీమునిపాదము జలపాతమును జూడ బోవువారు త్రోవలో తండాలను, కోయగూడెములను దాటిపోవుదురు గాని, అచ్చటి పసివాండ్రు ఏ భాషలో మాటలాడుదురో విచారించువారు అరుదు. తల్లిని 'యాడీ' యని పిలుచు లంబాడీబిడ్డకు బడిలోని తెలుగే క్రొత్త భాష. 2022-23 విద్యాసంవత్సరము మొదలు సర్కారుబడులలో ఒకటవ తరగతినుండియే ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. ఒక్క మెట్టెక్కుటకే తడబడు పసికాళ్లను రెండుమెట్లు ఒక్కసారి దాటుమనుచున్నాము.

2009 నాటి విద్యాహక్కు చట్టము అయిదవ తరగతివరకు ఏటికి 200 పనిదినములను, 800 బోధనగంటలను విధించినది. అనగా ఆరుదినముల వారమునకు ఇరువదినాలుగు గంటలు. బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో జరుగవలెనని ఆ చట్టమే 29వ సెక్షనులో చెప్పుచున్నది. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఏ అధికరణముయొక్క యుద్దేశమును అదియే.

ఈ యిరువదినాలుగు గంటల నెట్లు వినియోగింపవలెను? సోమవారమున పిల్లలు ఆదివారపు ముచ్చటలను తమ యింటిభాషలోనే చెప్పుదురుగాక. ఉపాధ్యాయుడు వానిని తెలుగులిపిలో పలకమీద వ్రాసి, ప్రక్కన తెలుగుమాటను జేర్చును. మంగళవారము చింతగింజలను పదేసి కుప్పలుగా బోసి లెక్క నేర్వవచ్చును. బుధవారము ఇప్ప, మోదుగ, తునికి ఆకులను దెచ్చి పోల్చి బొమ్మలు గీయవచ్చును. గురువారము తరగతిలోనే అంగడి పెట్టి బేరమాడవచ్చును. శుక్రవారము తండాపెద్దయో, గూడెపు ముసలమ్మయో వచ్చి కథ చెప్పవచ్చును. శనివారము ప్రతిబిడ్డయు తలిదండ్రుల యెదుట నాలుగు పంక్తులు బిగ్గరగా జదువవలెను. దీనికి కావలసినది ధనము గాదు, శ్రద్ధ.

ఇది మా కల్పన గాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రారంభించిన విద్యాపథకమునకు చేతిపనియు, మాతృభాషయు రెండు స్తంభములు. దానికి రూపము దిద్దిన సంఘమునకు అధ్యక్షుడు హైదరాబాదున జన్మించిన డాక్టరు జాకీరు హుస్సేనే.

తలిదండ్రులు ఇంగ్లీషునే కోరుచున్నారు గదా యని కొంద రందురు. నిజమే, కొలువుల కది త్రోవ యని వారి నమ్మకము, ఆ నమ్మకమును మేము పరిహసింపము. ఇంగ్లీషు వలదనుట మా వాదము గాదు. తెలిసిన భాషలో చదువుట యబ్బిన బిడ్డకు రెండవ భాష సులభమగును. ఏ భాషలోను చదువుట యబ్బనివాడు రెంటికిని చెడును.

భారమంతయు ఉపాధ్యాయునిమీద మోపుటయు న్యాయము గాదు. అరువదిమంది పిల్లలవరకు ఇద్దరుపాధ్యాయు లుండవలెనని చట్టము. జనాభాలెక్కలు, విపత్తుసహాయము, ఎన్నికలు తప్ప ఇతరపనులకు వారిని బంపరాదని 27వ సెక్షను శాసించుచున్నది. ఒక్కడే అయిదు తరగతులకు బోధించుచు, కాగితములు నింపుచు నుండిన, వారములో మిగులు గంటలెన్ని?

నిజాము పాలనలో బడియంతయు ఉర్దూమయమైనపుడు, మా బిడ్డలకు తెలుగున జెప్పుడని మన పెద్దలు మొఱపెట్టుకొనిరి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ ఉద్యమమునకు ఆ మొఱయు నొక ప్రాణము. నాడు మనము దొరతనమును గోరిన న్యాయమునే నేడు తండాబిడ్డ నోరు విప్పి యడుగలేక మనలను గోరుచున్నది. మనకు దక్కిన హక్కును ఇతరులకు నిరాకరించుట స్వాతంత్ర్యమగునా?

బడి యాజమాన్యసంఘములో నాలుగింట మూడుపాళ్లు తలిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలు. ఆ సంఘము సంతకములకే గాక విచారణకును కూడవలెను. పఠనమందిరములలో దేశవిషయముల జర్చించు మా పాఠకులును ఒక్క శనివారము సమీపపు బడికి బోయి, పిల్లవాని ప్రక్కన గూర్చుండి, వాడు చదువు నాలుగు పంక్తులు వినుదురుగాక. దేశసేవ కది చాలదు గాని, అది లేని దేశసేవ కొరతయే.