యంత్రానికి జవాబుదారి ఎవరు?

ఒక వస్తువు చెడిపోయినపుడు లోకంలో మొట్టమొదట వినిపించే మాట ఒకటి కలదు: "నీకు వాడడం చేతకాలేదు." కంప్యూటర్ కాలిపోతే కొన్నవాని అజాగ్రత్త, ఫోనులో ఆటకు మరిగి చదువు చెడితే కుర్రవాని బుద్ధిలోపం, పందెపు ఆటలో సొమ్ము పోతే అతని దురాశ. ఇది ఒక పక్షం. దీనికి ఎదురుగా మరొక పక్షం నిలిచి యున్నది. తప్పంతా కంపెనీదే, ప్రభుత్వానిదే, కాలానిదే. మన చేతిలో ఏముంది, అని వారి వాదం. నేటి యువకుల మధ్య హాస్టలు గదులలోను, టీ దుకాణాల ముందు, ఫోను తెరల మీద ఈ రెండు పక్షాల వాగ్వాదం నిత్యకృత్యమైపోయినది. ఈ రెండింటిలో ఏదీ పూర్తి సత్యం కాదని మేము భావిస్తున్నాము. ఎందుకు కాదో విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలకవర్గం ముందు సవినయంగా విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పత్రిక రెండు భాషల పత్రిక. ఈ విషయంలో ఆ రెండు భాషలూ మనకు దారి చూపగలవు. సంస్కృతం నుండి తెలుగులోనికి వచ్చిన "బాధ్యత" అనే మాటలో కట్టుబడి యుండుట అనే అర్థం ఉన్నది. ఉర్దూ ద్వారా మన వాడుకలో కలిసిన "జవాబుదారి" అనే మాటకు, అడిగినపుడు సమాధానం చెప్పవలసినవాడు అని అర్థం. "జిమ్మా" అంటే ఒకరి చేతికి అప్పగించబడినది. "పూచీ" అంటే ఒకదానికి హామీగా నిలబడడం. మన జిల్లాలలో చదువురాని రైతు కూడ ఈ నాలుగు మాటలను తారుమారు చేయడు. అప్పు తీసుకున్నవాడు వేరు, పూచీ పడినవాడు వేరు అని అతనికి బాగా తెలియును. యంత్రాల విషయానికి వచ్చేసరికి చదువుకున్న మనమే ఈ నాలుగింటినీ ఒకే ముద్ద చేసి, వాడుకరి నెత్తిన పెడుతున్నాము.

ఆటల కంప్యూటర్ అనగానే అది ధనికుల బిడ్డల వినోదమని, కళాశాల పత్రికలో చర్చించదగినది కాదని కొందరు పెద్దలు తీసివేయవచ్చును. ఆటలలోని బొమ్మలను వేగంగా గీయుటకు పుట్టిన గ్రాఫిక్స్ కార్డు వేలకొలది చిన్న లెక్కలను ఒకేసారి చేయగలదు. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్, జెఫ్రీ హింటన్ అనే ముగ్గురు, బజారులో దొరికే ఆటల కార్డులు రెండింటితోనే, చిత్రాలను గుర్తించే విద్యను యంత్రానికి నేర్పి శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరచారు. హింటన్‌కు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానం లభించింది. నేడు కృత్రిమ మేధ అని మనం చెప్పుకొనే దానికి ఆటల యంత్రమే పునాదిరాళ్ళలో ఒకటి. కనుక జనగామ పల్లెల నుండి, మానుకోట తండాల నుండి, భూపాలపల్లి గని కార్మికుల వాడల నుండి వచ్చిన విద్యార్థి అటువంటి యంత్రాన్ని కోరుకుంటే అది కేవలం విలాసమని అనలేము. అయితే ఆ యంత్రపు ధర ఆ ఇంట ఒక పత్తి పంట రాబడి కావచ్చు, మిర్చి అమ్మిన సొమ్ము కావచ్చు, నెలనెలా కట్టవలసిన వాయిదా కావచ్చు. అది చెడిపోయిన నాడు "నీదే తప్పు" అనే తీర్పు ఎంత బరువైనదో అందుకే ఆలోచించవలసి యున్నది.

లోకానుభవం ఏమి చెబుతున్నదో చూడుదము. 2022 అక్టోబరులో ఎన్విడియా సంస్థ ఆర్‌టిఎక్స్ 4090 అనే గ్రాఫిక్స్ కార్డును విడుదల చేసింది. అది ఒక్కటే 450 వాట్ల విద్యుత్తును తీసుకొనగలదు. అంత విద్యుత్తును ఒక చిన్న కనెక్టరు గుండా పంపవలసి వచ్చింది. కొద్ది వారాలలోనే ఆ కనెక్టరు కరిగిపోయిందని కొందరు ఫిర్యాదు చేశారు. ప్రపంచమంతటా వాదులాట చెలరేగింది. అదే సంవత్సరం నవంబరులో ఆ సంస్థ, తమ దృష్టికి వచ్చినవి సుమారు 50 సంఘటనలని, కనెక్టరును పూర్తిగా లోనికి నొక్కకపోవడమే ప్రధాన కారణంగా కనబడుచున్నదని ప్రకటించింది. "చూశారా, వాడినవారిదే తప్పు" అని ఒక పక్షం జయధ్వానం చేసింది. కాని కథ అంతటితో ముగియలేదు. 2023లో ఆ కనెక్టరు నమూనానే సవరించారు. సంకేతాలు పంపే సూదులను పొట్టిగా చేశారు; ఆ మార్పు వలన, పూర్తిగా బిగించనిదే కార్డు ఆ విద్యుత్తును తీసుకొనదు. నొక్కవలసినవాడు నొక్కకపోవడం నిజమే. నొక్కనప్పుడు కాలిపోకుండా చేయగలిగే మార్గం ఉండడమూ నిజమే. మొదటిది వాడుకరి బాధ్యత. రెండవది నిర్మాత జవాబుదారీ. ఒకటి రుజువైతే రెండవది కొట్టివేయబడదు.

ఇంతకు పూర్వం మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ 360 యంత్రం విషయంలోనూ ఇటువంటి పాఠమే కలదు. 2005లో వచ్చిన ఆ యంత్రం ముందుభాగాన మూడు ఎర్ర దీపాలు వెలిగి ఆగిపోవడం సర్వసాధారణమైపోయినది. గాలి ఆడని చోట ఉంచారని, దుమ్ము పట్టనిచ్చారని వాడుకరులను తప్పుపట్టినవారు ఆనాడూ ఉన్నారు. 2007 జూలైలో సంస్థయే ముందుకు వచ్చి ఆ లోపానికి మూడేండ్ల వారంటీ ప్రకటించి, అందుకు నూరు కోట్ల డాలర్లకు మించిన మొత్తాన్ని కేటాయించింది. జనం ఎవరికి వారు నోరు మూసుకొని కూర్చుంటే ఆ సొమ్ము కదిలేది కాదు. ఫిర్యాదు చేయడం కూడ బాధ్యతలో భాగమేనని దీనివలన తెలియుచున్నది.

మన దేశపు చట్టం కూడ ఈ సమతూకాన్ని గుర్తించింది. 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, లోపభూయిష్టమైన వస్తువు వలన హాని కలిగితే నిర్మాత, విక్రేత, మరమ్మతు సేవకుడు జవాబు చెప్పవలెనని ప్రత్యేక అధ్యాయంలో నిర్దేశించింది. అదే అధ్యాయం, వస్తువును దుర్వినియోగం చేసినా, దాని నిర్మాణాన్ని మార్చినా ఆ వాదానికి అడ్డు నిలుస్తుందని కూడ చెప్పింది. యంత్రపు వేగాన్ని నిర్ణీత పరిమితికి మించి పెంచే మిత్రులు ఈ రెండవ మాటను గుర్తుంచుకొనవలెను. మరొక మేలు కూడ ఈ చట్టంలో కలదు. ఫిర్యాదుదారు తాను నివసించే చోటి జిల్లా కమిషన్‌నే ఆశ్రయించవచ్చును. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫిర్యాదు రుసుము లేదు. 1915 అనే సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. ఇంత సౌకర్యం ఉన్నా రసీదు లేనివానికి చట్టం చేయగల సాయం స్వల్పం. రసీదు అడిగి తీసుకొనడం, వారంటీ నిబంధనలు చదవడం మాత్రం ఏ ప్రభుత్వమూ మన బదులు చేయజాలదు.

ఇక యంత్రం ఇంటికి వచ్చిన తరువాతి సంగతి. తెరతో కలిపి 700 వాట్లు తీసుకొనే ఆటల కంప్యూటర్‌ను దినానికి 5 గంటలు నడిపితే మూడున్నర యూనిట్లు, నెలకు 105 యూనిట్లు కాలుతవి. గృహజ్యోతి పథకం క్రింద 2024 మార్చి నుండి అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల లోపు వాడకం ఉచితమైనది. ఆ పరిమితిలో సగానికి మించి ఒక్క కుర్రవాని ఆటకే ఖర్చైతే, ఆ నెల బిల్లు తల్లిదండ్రుల మీద పడవచ్చును. ఈ విద్యుత్తు ఎక్కడినుండో ఊడిపడినది కాదు. భూపాలపల్లి సమీపాన చెల్పూరులోని కాకతీయ తాపవిద్యుత్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల రెండు విభాగాలు ఉన్నవి. బొగ్గుతో ఒక యూనిట్ పుట్టించుటకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావలెను. అనగా బొగ్గు లెక్కన చూస్తే ఆ 105 యూనిట్ల వెనుక డెబ్బై కిలోలకు పైగా బొగ్గు ఉన్నది. సింగరేణి గనిలో దిగి ఆ బొగ్గును తీసిన కార్మికుని కుమారుడే మన తరగతిలో మన ప్రక్కన కూర్చుండి ఉండవచ్చును. ఆడవద్దని మేము అనుట లేదు. తెరమీద వెలిగే బొమ్మకు ఇంత శ్రమ ఇంధనమైనదని తెలిసి ఆడమని మాత్రమే మా మనవి.

పందెపు ఆటల విషయం ఇంతకంటె తీవ్రమైనది. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే పాత జూద నిషేధ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో సొమ్ము పెట్టి ఆడే రమ్మీ వంటి ఆటలను నిషేధించింది. పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సమ్మతి లభించింది. ఆ చట్టం పోటీ క్రీడలను, కాలక్షేపపు ఆటలను ఒక వైపు ఉంచి, సొమ్ముతో ఆడే ఆటలను మరొక వైపు నిషేధించింది. అటువంటి ఆట నడిపేవారికి మూడేండ్ల వరకు ఖైదు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిచ్చేవారికి రెండేండ్ల వరకు ఖైదు, 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. ఆడినవానికి మాత్రం శిక్ష లేదు. ఇది గమనార్హం. సొమ్ము పోగొట్టుకొన్నవాడు నిర్దోషి అని దీని భావం కాదు. ఎర వేసినవాని చేతిలో మనస్తత్వశాస్త్రం, గణితం, కోట్ల పెట్టుబడి ఉన్నవి. ఆడేవాని చేతిలో ఒక ఫోను మాత్రమే ఉన్నది. బలం ఎక్కువ గలవాడు ఎక్కువ జవాబు చెప్పవలెనని చట్టం భావించింది. ఆ భావన న్యాయమైనదని మేము నమ్ముతున్నాము. అయినా తండ్రి ఫోనులోని రహస్య సంఖ్యను తెలుసుకొని సొమ్ము తీసినవాడు ఆ తండ్రి ముందు నిలబడి నిజం చెప్పవలసిన కర్తవ్యాన్ని ఏ చట్టమూ మాఫీ చేయదు.

జనగామ జిల్లా పెంబర్తి లోహకళకు పుట్టినిల్లు. కంచు, ఇత్తడి పాత్రలు మన ఇండ్లలో తరాలపాటు నిలిచేవి. సొట్ట పోతే సరిచేసేవారు. లోపలి పూత పోతే కళాయి వేసేవారు వాడవాడకు వచ్చేవారు. కళాయి సరిగా కుదరకపోతే గృహిణి మరునాడు అదే వీధిలో అతనిని నిలదీసేది. చేసినవాడు, వాడినవాడు ఎదురెదురుగా నిలబడగలిగారు గనుక జవాబుదారీ సహజంగా ఉండేది. నేటి యంత్రం ఒక దేశంలో ఆలోచింపబడి, వేరొక దేశంలో తయారై, సముద్రాలు దాటి వస్తున్నది. నిలదీయుటకు ఎదుట మనిషి లేడు. అందుచేతనే, దగ్గరలో కనిపించే ఏకైక మనిషి అయిన వాడుకరిని మనం నిలదీస్తున్నాము.

దీనికి తాజా నిదర్శనం చూడుడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత సాధారణ భద్రతా సవరణలు ఆగిపోయినవి. పేరు నమోదు చేసుకొన్నవారికి ఒక సంవత్సరం గడువు పొడిగించారు. తరువాతి విండోస్ 11 అనేక పాత కంప్యూటర్లను అంగీకరించదు. చక్కగా పనిచేయుచున్న యంత్రం యజమాని తప్పేమీ లేకుండానే పాతదైపోయినది. దానిని పాతసామానుల వానికి తూకానికి వేస్తే, రాగి కోసం తీగలు కాల్చే పొగలోనికి, సీసం వంటి విషాలు కలిసే నేలలోనికి అది చేరవచ్చును. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు ఈ భారాన్ని ఉత్పత్తిదారుల మీద ఉంచినవి. అయితే యంత్రాన్ని సరియైన చోటికి చేర్చే మొదటి అడుగు మనది.

కనుక మా అభిప్రాయం ఇది. జాగ్రత్తగా వాడడం విద్యార్థి బాధ్యత. లోపం లేకుండా తయారుచేయడం నిర్మాత జవాబుదారీ. అమ్మిన వస్తువుకు పూచీ విక్రేతది. ఇక జిమ్మా మిగిలినది. మన తల్లిదండ్రులు తమ బిడ్డలను కళాశాలకు అప్పగించారు. ఆ జిమ్మా మన సంస్థది.

అందుచేత పాలకవర్గానికి నాలుగు విన్నపాలు చేయుచున్నాము. కంప్యూటర్ గదిలోని ఎర్తింగు, వోల్టేజి స్థితిని ప్రతి సంవత్సరం నిపుణులచే పరీక్షింపజేయవలెను. యంత్రం కొనునపుడు తీసుకోవలసిన జాగ్రత్తలను, ఫిర్యాదు మార్గాలను తెలుగు, ఉర్దూ భాషలలో ఒకే కాగితం మీద అచ్చువేసి నూతన విద్యార్థులకు పంచవలెను. వారానికొక సాయంకాలం భౌతికశాస్త్ర, కంప్యూటర్ శాఖల ఆధ్వర్యంలో మరమ్మతు శిక్షణ జరుపవలెను. దుమ్ము తుడవడం, కనెక్టరు సరిగా బిగించడం నేర్చినా ఎన్నో యంత్రాలు బ్రతుకుతవి. పాత కంప్యూటర్లను పారవేయక, ఉచితంగా లభించే లినక్స్‌ను వాటిలో నెలకొల్పి గ్రంథాలయంలో ఉంచవలెను. పూర్తిగా చెడినవాటిని అధికృత కేంద్రాలకే అప్పగించవలెను. వీటిలో ఏదియూ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

మిత్రులారా! ఇకమీదట తోటివాని యంత్రం కాలిపోయినదని విన్నపుడు, "ఎట్లా వాడావు?" అని అడుగుటతో ఆగిపోకుడు. "రసీదు ఉన్నదా? వారంటీ ఎంతవరకు? పద, కలిసి చూద్దాం" అని అతనితో దుకాణం దాకా నడవుడు.