ఫ్యాన్ మార్చే ముందు వైరు చూడండి

సంపాదకులకు,

పికప్ ఇంజిన్ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెడితే డీజిల్ బాగా మిగులుతుందన్న గత సంచిక వ్యాసంతో నేను ఏకీభవించలేను. బెల్టు ఫ్యాన్ ఎప్పుడూ ఇంజిన్ బలాన్ని తినేస్తుందని రాశారు. చాలా పికప్‌లలో ఉండేది విస్కస్ క్లచ్ ఫ్యాన్. లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. రేడియేటర్ గుండా వచ్చే గాలి వేడెక్కేదాకా క్లచ్ జారుతూనే ఉంటుంది, వేడెక్కాకే గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చేదీ ఆల్టర్నేటర్ ద్వారా ఇంజినే కదా!

నేనూ మార్పించాను. మే నెల, తిరుపతిలో సిమెంటు ఎత్తుకుని భాకరాపేట ఘాట్ ఎక్కుతున్నాను. ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ ఎత్తితే రిలే సాకెట్ కరిగి ముద్దయిపోయింది, వైరు తొడుగు వేలికి జిగటగా అంటుకుంది. మెకానిక్ వేసింది హారన్‌కు వాడే సన్నవైరు. పెద్ద ఫ్యాన్ ఒక్కోటి 20 ఆంపియర్ల పైనే లాగుతుంది. ఒక్కోదానికి వేరే రిలే, వేరే ఫ్యూజు, లావు వైరు ఉండాల్సిందే. రేడియేటర్ మొత్తాన్ని కప్పే ష్రౌడ్ లేకపోతే గాలి ఫ్యాన్ ఎదుటి భాగంలోంచే వస్తుంది, మూలలు వేడిగానే ఉండిపోతాయి.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాన్ మేలన్న మాట మాత్రం నిజం. ఐడిల్‌లో బెల్టు ఫ్యాన్ నెమ్మదిస్తుంది, ఇది నెమ్మదించదు. అందుకే నేను పాత ఫ్యాన్‌కు తిరిగి వెళ్లలేదు, వైరింగ్ అంతా మళ్లీ చేయించాను.

వచ్చే సంచికలో ఆ వైరింగ్ బొమ్మ వేయండి. లోడు బండ్లవాళ్లకు అది చాలా అవసరం.

— ఒక పికప్ యజమాని, మదనపల్లె